రిచర్డ్ హాఫ్‌స్టాటర్: అమెరికా తన గురించి చెప్పుకునే కథలను నమ్మని చరిత్రకారుడు

అమెరికా అధ్యక్ష ఎన్నికల కాలం వచ్చిందంటే అంతర్జాతీయ రాజకీయ వ్యాఖ్యల్లో ఒక పదబంధం తప్పనిసరిగా ప్రత్యక్షమవుతుంది: 'పారనాయిడ్ స్టైల్'. తెలుగులో దానిని 'అనుమానోన్మాద శైలి' అనవచ్చు. ఓడినవారు ఓట్ల లెక్కింపునే శంకించినప్పుడు, టీకాల వెనుక అదృశ్య హస్తాలను చూసినప్పుడు, ప్రభుత్వ యంత్రాంగం మొత్తం ఒక రహస్య ముఠా చేతిలో ఉందని ప్రచారం సాగినప్పుడు విశ్లేషకులు ఈ మాటను ఆశ్రయిస్తారు. దానిని ప్రచారంలోకి తెచ్చినవాడు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాదు, రాజకీయ నాయకుడూ కాదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1946 నుంచి మరణించేదాకా చరిత్ర బోధించిన రిచర్డ్ హాఫ్‌స్టాటర్.

ఆయన జీవించినది 54 ఏళ్లు మాత్రమే. ఆ కొద్దికాలంలో రెండు పులిట్జర్ పురస్కారాలు పొందారు; అమెరికా రాజకీయాలను చర్చించే పరిభాషనే కొంతవరకు మార్చారు. విచిత్రమేమిటంటే, ఆయన చేసిన ప్రధాన నిర్ధారణల్లో కొన్నింటిని తరువాతి తరం పరిశోధకులు ఆధారాలతో సహా తోసిపుచ్చారు. అయినా ఆయన పుస్తకాలు పునర్ముద్రణ పొందుతూనే ఉన్నాయి. 2020లో 'లైబ్రరీ ఆఫ్ అమెరికా' ఆయన రచనలను ఒక సంపుటంగా వెలువరించింది. నిర్ధారణలు వీగిపోయినా గ్రంథాలు నిలిచిన ఈ చరిత్రకారుడు అమెరికాను ఎలా చూశారు, ఎక్కడ సరిగా చూశారు, ఎక్కడ పొరబడ్డారు అన్నది పరిశీలించదగిన విషయం.

బఫలో నుంచి కొలంబియాకు

హాఫ్‌స్టాటర్ 1916 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో జన్మించారు. తండ్రి పోలండ్ నేపథ్యం గల యూదు, ఉన్ని తోలు వస్త్రాల వ్యాపారి. తల్లి జర్మన్ మూలాలున్న లూథరన్ క్రైస్తవురాలు. ఆయనకు పదేళ్ల వయసులో తల్లి కన్నుమూశారు. రెండు మతాల నడుమ, ఏ ఒక్కదానికీ పూర్తిగా చెందని స్థితిలో పెరగడం ఆయన చూపును ప్రభావితం చేసిందని జీవితచరిత్రకారులు అంటారు. ఏ సమూహపు ఆత్మస్తుతినీ ఉన్నదున్నట్లు స్వీకరించని స్వభావం ఆయన రచనల్లో మొదటినుంచీ ఉంది.

ఆయన విద్యార్థి దశ మహామాంద్యపు రోజుల్లో గడిచింది. నాటి యువ మేధావులు ఎందరి లాగానో ఆయన కూడా వామపక్షం వైపు మొగ్గారు. 1938లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, మరుసటి ఏడాదే బయటికి వచ్చేశారు. పెట్టుబడిదారీ వ్యవస్థపై విమర్శ ఆయనలో మిగిలింది; సామూహిక ఉద్యమాల మీద, జనసమూహపు ఆవేశం మీద సందేహం కూడా అప్పుడే మొలకెత్తింది. ఈ రెండూ చివరిదాకా ఆయనను వదలలేదు.

1941లో ఆయన పొందిన తొలి అధ్యాపక ఉద్యోగం వెనుక ఒక చేదు నేపథ్యం ఉంది. న్యూయార్క్ సిటీ కాలేజీలో కమ్యూనిస్టులన్న ఆరోపణపై రాష్ట్ర శాసనసభా సంఘం విచారణల ఫలితంగా పలువురు అధ్యాపకులను తొలగించారు. అలా ఏర్పడిన ఖాళీల్లో ఒకటి హాఫ్‌స్టాటర్‌కు దక్కింది. ఆ విధంగా ఉద్యోగాలు కోల్పోయినవారిలో జాక్ ఫోనర్ అనే చరిత్రకారుడు ఒకరు. ఆయన కుమారుడే ఎరిక్ ఫోనర్. దాదాపు పాతికేళ్ల తరువాత ఆ కుమారుడు హాఫ్‌స్టాటర్ పర్యవేక్షణలోనే డాక్టరేట్ పూర్తిచేసి, అంతర్యుద్ధానంతర పునర్నిర్మాణ కాలంపై అమెరికాలో అగ్రగణ్య చరిత్రకారుడయ్యారు.

తొలి గ్రంథం, తొలి ముద్ర

డాక్టరేట్ పరిశోధనే 1944లో 'సోషల్ డార్వినిజం ఇన్ అమెరికన్ థాట్'గా వెలువడింది. ఆంగ్లేయ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ స్వదేశంలో కంటే అమెరికాలో ఎక్కువ ఆదరణ ఎందుకు పొందారన్నది అందులోని మూల ప్రశ్న. అంతర్యుద్ధం ముగిశాక రైలుమార్గాలు, ఉక్కు, చమురు పరిశ్రమలు పెరిగి అపార సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడింది. బలవంతులు నెగ్గడం ప్రకృతి ధర్మమన్న సిద్ధాంతం ఆ సంపదకు నైతిక కవచమైంది. ఆండ్రూ కార్నెగీ వంటి పారిశ్రామికవేత్తలు స్పెన్సర్‌ను గురువుగా భావించారు. 1882లో స్పెన్సర్ అమెరికా పర్యటన ముగింపున న్యూయార్క్‌లోని డెల్మోనికో భోజనశాలలో జరిగిన విందుకు నాటి ప్రముఖులు హాజరై ఆయనను కీర్తించారు.

'సోషల్ డార్వినిజం' అన్న మాట సామాన్య వ్యవహారంలో స్థిరపడడానికి ఈ పుస్తకమే ప్రధాన కారణం. అయితే 1979లో రాబర్ట్ బానిస్టర్ అనే పరిశోధకుడు దీనికి గట్టి ఆక్షేపణ తెలిపారు. నాటి వ్యాపారులు డార్విన్ పేరును నిజంగా ఉపయోగించిన సందర్భాలు అరుదని, ఆ ముద్ర ఎక్కువగా వారి విమర్శకులు వేసినదేనని ఆయన వాదించారు. ప్రతిభావంతమైన ఒక మాట, విస్తృతమైన ఒక వ్యాఖ్యానం, ఆ వెనుక ఆధారాలపై వివాదం అన్న ఈ వరుస హాఫ్‌స్టాటర్ జీవితంలో పలుమార్లు పునరావృతమైంది.

మహాపురుషుల పీఠాలు

1948 నాటి 'ది అమెరికన్ పొలిటికల్ ట్రెడిషన్' ఆయనను సామాన్య పాఠకుల దగ్గరకు చేర్చింది. రాజ్యాంగ నిర్మాతల నుంచి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వరకు పన్నెండు వ్యాసాల్లో సాగే ఆ గ్రంథంలో దాదాపు ప్రతి అధ్యాయమూ ఒక వైరుధ్యంతో మొదలవుతుంది. జెఫర్సన్ ప్రజాస్వామ్యం బోధించిన కులీనుడు. థియోడర్ రూజ్‌వెల్ట్ అభ్యుదయవాదిగా పేరుపొందిన సంప్రదాయవాది. బానిసల యజమానుల పక్షాన నిలిచి వర్గసంఘర్షణను నిశితంగా విశ్లేషించిన జాన్ కల్హూన్‌ను ఆయన ఏకంగా యజమాని వర్గపు మార్క్స్‌గా అభివర్ణించారు. లింకన్‌పై వ్యాసం మరీ సాహసోపేతమైనది. బానిస విమోచన ప్రకటనలోని పొడి న్యాయభాషలో కనిపించే నైతిక వైభవం సరుకు రవాణా రశీదులో కనిపించేపాటిదేనని ఆయన ఎత్తిపొడిచిన తీరు నేటికీ చర్చకు వస్తుంటుంది. పుస్తకమంతటా సానుభూతితో చిత్రితమైన వ్యక్తి దాదాపు ఒక్కరే: ఏ పదవీ చేపట్టని బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు వెండెల్ ఫిలిప్స్.

ఈ పుస్తకానికి రాసిన చిన్న పీఠికే ఆయన మీద ఒక ముద్ర పడడానికి కారణమైంది. అమెరికా నాయకులు బయటికి ఎంత పోట్లాడుకున్నా వ్యక్తిగత ఆస్తి హక్కు, ఆర్థిక స్వేచ్ఛ, పోటీ అన్న మూడింటిపై వారి మధ్య భేదం లేదని ఆయన అందులో ప్రతిపాదించారు. అప్పటిదాకా చార్లెస్ బియర్డ్ వంటివారి ప్రభావంతో అమెరికా చరిత్రను సంపన్నులకూ సామాన్యులకూ మధ్య ఎడతెగని పోరాటంగా చదవడం అలవాటు. రాజ్యాంగ నిర్మాతల ఆర్థిక ప్రయోజనాలను పరిశీలించిన బియర్డ్ గ్రంథం 1913 నాటిది. హాఫ్‌స్టాటర్ ఆ చట్రాన్ని పక్కకు నెట్టారు. 1950లలో డేనియల్ బూర్‌స్టిన్, లూయీ హార్ట్‌జ్ కూడా భిన్న మార్గాల్లో ఇదే దిశలో రాయడంతో 1959లో జాన్ హైయమ్ అనే చరిత్రకారుడు ఈ ధోరణిని 'ఏకాభిప్రాయ' సంప్రదాయంగా విమర్శించారు. ఆ బృందంలో హాఫ్‌స్టాటర్‌ను చేర్చడం పూర్తిగా న్యాయం కాదు. బూర్‌స్టిన్‌కు ఆ ఏకాభిప్రాయం దేశపు అదృష్టం; హాఫ్‌స్టాటర్‌కు అది దేశపు ఊహాదారిద్ర్యం. మాంద్యం వంటి విపత్తు సంభవించినా ప్రత్యామ్నాయాన్ని ఆలోచించలేని రాజకీయం పట్ల అసంతృప్తి ఆ పుస్తకం నిండా ఉంది.

రైతుల పక్షమా, రైతుల మీద అపవాదా?

1955లో వచ్చిన 'ది ఏజ్ ఆఫ్ రిఫార్మ్' ఆయన గ్రంథాల్లో అత్యంత ప్రభావవంతమైనది, అత్యంత వివాదాస్పదమైనది కూడా. మరుసటి ఏడాది చరిత్ర విభాగంలో పులిట్జర్ దీనికే లభించింది. ఇందులోని వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే 1890ల నాటి అమెరికా పల్లెలను ఒకసారి చూడాలి.

అంతర్యుద్ధం తరువాత మూడు దశాబ్దాల పాటు పత్తి, గోధుమ ధరలు దిగజారుతూ వచ్చాయి. బంగారంతో ముడిపడిన ద్రవ్యవిధానం వల్ల చలామణిలో డబ్బు తక్కువ. రైతు చేసిన అప్పు విలువ మాత్రం ఏటేటా బరువెక్కేది. రైలు కంపెనీలు రవాణా రేట్లను తమ ఇష్టప్రకారం నిర్ణయించేవి. దక్షిణాదిలో పరిస్థితి మరీ దుర్భరం. విత్తనం, ఎరువు, ఇంటి సరుకు అన్నీ దుకాణదారు వద్ద అరువుకు తీసుకుని, ఇంకా చేలో ఉన్న పంటనే తాకట్టు పెట్టాలి. ధర నిర్ణయించేదీ, వడ్డీ లెక్క కట్టేదీ, పంట తీసుకునేదీ ఆ దుకాణదారే. పత్తి రైతు బాధలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చక్రాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఈ స్థితిలో టెక్సస్‌లో మొదలైన రైతుల కూటమి సహకార సంఘాల ద్వారా విస్తరించి, చివరకు పీపుల్స్ పార్టీగా రూపుదాల్చింది. దాని సభ్యులనే పాపులిస్టులు అన్నారు. 1892 జులైలో ఒమాహా నగరంలో ఆమోదించిన వారి ప్రణాళిక ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను, రైలు, టెలిగ్రాఫ్ వ్యవస్థల జాతీయీకరణ, వెండి నాణేల అపరిమిత ముద్రణ వంటివి కోరింది. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో వారి అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు పది లక్షలకు పైగా ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. 1896లో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను సమర్థించి, ఆయన ఓటమితో ఆ పార్టీ కూడా క్షీణించింది. అయినా వారు కోరిన ఆదాయపు పన్ను, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నిక 1913లో రాజ్యాంగ సవరణలుగా అమలులోకి వచ్చాయి.

అప్పటిదాకా అమెరికా చరిత్రకారులు పాపులిస్టులను ప్రజాస్వామ్య వీరులుగానే చిత్రించారు. హాఫ్‌స్టాటర్ ఆ చిత్రాన్ని తిరగేశారు. అమెరికా రైతు తనను తాను స్వయంపోషక, నిష్కళంక భూమిపుత్రుడిగా ఊహించుకుంటూనే వాస్తవంలో భూముల విలువ పెరుగుదలపై ఆశపెట్టుకున్న చిన్న వ్యాపారిగా జీవించాడని, ఈ రెంటికీ నడుమ ఉన్న వైరుధ్యమే అతని ఆగ్రహానికి మూలమని ఆయన వాదించారు. అంతకంటే ముఖ్యంగా, కష్టాలన్నిటికీ లండన్, న్యూయార్క్ ద్రవ్యవ్యాపారుల కుట్రే కారణమన్న నమ్మకం ఆ ఉద్యమంలో బలంగా ఉందని, అందులో యూదు వ్యతిరేక ఛాయలు కనిపిస్తాయని ఎత్తిచూపారు. 1894లో విలియం హార్వీ రాసి విశేషంగా అమ్ముడైన ద్రవ్యవిధాన ప్రచార పుస్తకం ఆయనకు ప్రధాన సాక్ష్యం.

ఈ వ్యాఖ్యానం వెనుక 1950ల నీడ స్పష్టంగా ఉంది. 1950 ఫిబ్రవరిలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ప్రభుత్వంలో కమ్యూనిస్టులు చొరబడ్డారన్న ఆరోపణతో దేశాన్ని కుదిపివేశారు. నాలుగేళ్ల పాటు అధ్యాపకులు, రచయితలు, ఉద్యోగులు భయం నీడలో బతికారు. 1954 డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో ఆయనను అభిశంసించింది. ఆ మూక ఆవేశాన్ని కళ్లారా చూసిన చరిత్రకారుడు దాని వేళ్లను వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి 1890ల పొలాల దగ్గర ఆగారు.

ఆగవలసిన చోటు అది కాదని తరువాతి పరిశోధన చూపింది. 1959లో దక్షిణాది చరిత్రకారుడు సి. వాన్ వుడ్‌వర్డ్ మిత్రుడిగానే హెచ్చరించారు: పాపులిస్టుల్లో కుట్రభ్రమలు ఉన్న మాట నిజమే కాని, ఆ కాలపు నగర సంపన్నుల్లో అంతకు తక్కువ లేవు, పైగా నల్లజాతి రైతులతో రాజకీయ మైత్రికి దక్షిణాదిన ప్రయత్నించినది పాపులిస్టులే. 1967లో మైకేల్ రోగిన్ విస్కాన్సిన్, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా రాష్ట్రాల ఓట్లను కౌంటీల వారీగా పరిశీలించి, మెకార్తీ బలం పాత రైతు ఉద్యమ ప్రాంతాల నుంచి రాలేదని, సంప్రదాయ రిపబ్లికన్ ఓటర్ల నుంచి వచ్చిందని నిరూపించారు. 1976లో లారెన్స్ గుడ్‌విన్ రైతుల సహకార సంఘాల చరిత్రను విస్తారంగా రాసి, అది గతాన్ని తలచుకుని వగచిన ఉద్యమం కాదని, ప్రత్యామ్నాయ ఆర్థిక వ్యవస్థను ఆచరణలో నిర్మించబోయిన ఉద్యమమని చూపారు.

హాఫ్‌స్టాటర్ ప్రాచీన పత్రాగారాల్లో సంవత్సరాలు గడిపే రకం పరిశోధకుడు కాదు. అచ్చయిన గ్రంథాలు, ఉపన్యాసాలు, కరపత్రాలు చదివి, సామాజిక మనస్తత్వ శాస్త్రపు పరికరాలతో వాటికి అర్థం చెప్పే వ్యాసకర్త. ఆ పద్ధతి బలహీనత ఈ పుస్తకంలో బాగా బయటపడింది. అప్పుల పుస్తకాన్ని, పత్తి ధరను, సంఘం సమావేశపు నమోదులను వెతికినవారికి కనిపించిన రైతు, ప్రచార పుస్తకాల్లో మాత్రమే వెతికినవారికి కనిపించలేదు. ఒక సమూహపు మాటలో భ్రమ ఉన్నంత మాత్రాన దాని ఫిర్యాదు అబద్ధం కాదన్న సంగతిని ఆయన తగినంతగా పట్టించుకోలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం కూడా.

అనుమానోన్మాద శైలి

1963 నవంబరులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ స్పెన్సర్ స్మారకోపన్యాసం ఇవ్వడానికి ఆయనను ఆహ్వానించారు. తొలి గ్రంథంలో తాను విమర్శించిన వ్యక్తి పేరిట ఏర్పడిన వేదికపైనే ఆయన తన అత్యంత ప్రసిద్ధ ఉపన్యాసం చేశారు. అదే నెల 22న అధ్యక్షుడు జాన్ కెనెడీ డల్లస్‌లో హత్యకు గురయ్యారు. అంతులేని కుట్రసిద్ధాంతాలకు ఆ హత్య నాంది పలికింది. ఉపన్యాసపు సంక్షిప్త రూపం 1964 నవంబరులో హార్పర్స్ పత్రికలో వెలువడింది. అది బారీ గోల్డ్‌వాటర్ రిపబ్లికన్ అభ్యర్థిగా పోటీచేసి, ఆరు రాష్ట్రాలు మాత్రమే గెలిచి, లిండన్ జాన్సన్ చేతిలో ఘోరంగా ఓడిన నెల.

వ్యాసం చెప్పే కథ 18వ శతాబ్దపు చివర మొదలవుతుంది. 1798లో జెడిడయా మోర్స్ అనే మతబోధకుడు యూరప్‌కు చెందిన 'ఇల్యూమినాటి' అనే రహస్య సంఘం అమెరికాను కబళించబోతోందని ప్రసంగించి న్యూ ఇంగ్లండ్‌లో కలకలం రేపాడు. తరువాత ఫ్రీమేసన్ల వంతు. 1826లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటేవియాలో మేసన్ల రహస్యాలు బయటపెడతానన్న విలియం మోర్గన్ అనే వ్యక్తి అదృశ్యమయ్యాడు. ఆ ఆగ్రహం నుంచి ఒక రాజకీయ పార్టీయే పుట్టింది. మేసన్ వ్యతిరేక పార్టీ 1831లో బాల్టిమోర్‌లో జరిపిన సభ, అధ్యక్ష అభ్యర్థిని ఎంపిక చేసిన తొలి జాతీయ పార్టీ సమావేశంగా చరిత్రకెక్కింది. మరుసటి ఏడాది ఆ అభ్యర్థి వెర్మాంట్ రాష్ట్రాన్ని గెలిచాడు కూడా. నేడు అమెరికా పార్టీలన్నీ కోట్ల డాలర్ల ఆర్భాటంతో నిర్వహించే మహాసభల మూలం ఒక కుట్రభీతిలో ఉందన్నమాట.

ఆపై క్యాథలిక్కులు. ఐర్లండ్, జర్మనీల నుంచి వలసలు పెరుగుతున్న 1830లలో, పోప్ అమెరికాను ఆక్రమించబోతున్నాడన్న ప్రచారం జోరందుకుంది. 1834 ఆగస్టులో బోస్టన్ సమీపాన చార్ల్స్‌టౌన్‌లో సన్యాసినుల మఠాన్ని ఒక గుంపు తగలబెట్టింది. యూరప్ రాజులు క్యాథలిక్ వలసదారుల ద్వారా అమెరికా స్వేచ్ఛను కూలదోయ కుట్ర పన్నుతున్నారని పుస్తకం రాసినవారిలో టెలిగ్రాఫ్ ఆవిష్కర్త శామ్యూల్ మోర్స్ ఒకరు. ఇల్యూమినాటిని చూసి బెదిరిన జెడిడయా మోర్స్ కుమారుడే ఈయన. తండ్రికి కనబడిన శత్రువు వేరు, కొడుకుకు కనబడిన శత్రువు వేరు. కథనపు అల్లిక మాత్రం ఒక్కటే. అక్కడి నుంచి హాఫ్‌స్టాటర్ 1951లో జనరల్ జార్జ్ మార్షల్‌ను దేశద్రోహ కుట్రలో భాగస్వామిగా చిత్రించిన మెకార్తీ సెనేట్ ప్రసంగానికీ, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైతం కమ్యూనిస్టు కుట్రకు పనిముట్టు అని రాసిన జాన్ బర్చ్ సొసైటీ స్థాపకుడు రాబర్ట్ వెల్చ్‌కూ వస్తారు.

ఈ వ్యాసాన్ని చదవకుండా పేరును మాత్రమే వాడేవారు రెండు విషయాలు విస్మరిస్తారు. ఒకటి, ఆయన ఎవరినీ మానసిక రోగులని అనలేదు. తనకు హింస జరుగుతోందని భ్రమించే రోగి దానిని తనొక్కడి మీద సాగుతున్న దాడిగా భావిస్తాడు. ఈ శైలిలో మాట్లాడే రాజకీయవాది అది తన జాతి మీద, తన జీవనవిధానం మీద సాగుతున్న దాడి అంటాడు. అందుచేతనే తనను నిస్వార్థ దేశభక్తుడిగా ఊహించుకోగలుగుతాడు. ఆరోగ్యవంతులైన మనుషులు ఈ శైలిని వాడడమే ఆయనకు ఆసక్తి కలిగించిన అంశం. రెండు, ఇది మితవాదుల సొత్తని గాని, అమెరికాకే పరిమితమని గాని ఆయన అనలేదు.

శైలి లక్షణాలను గుర్తించిన తీరులోనే వ్యాసపు అసలు బలముంది. కుట్రవాది ఆధారాలను నిర్లక్ష్యం చేయడు. పైగా వాటిని గుట్టలుగా పోగేస్తాడు. అతని కరపత్రాల్లో అధస్సూచికలు పండితుల గ్రంథాల కంటే ఎక్కువ. చిన్నచిన్న నిజాలను ఒకదానిపై ఒకటి జాగ్రత్తగా పేర్చి, చివరి మెట్టు దగ్గర మాత్రం నమ్మశక్యం కాని దూకు దూకుతాడు. చరిత్రలో పొరపాట్లు, కాకతాళీయాలు, అసమర్థతలు ఉంటాయని అతడు ఒప్పుకోడు. జరిగిన ప్రతిదీ ఎవరో సంకల్పించి జరిపినదే. అంతేగాక, తాను ద్వేషించే శత్రువును తెలియకుండానే అనుకరిస్తాడు. రహస్య సంఘాలతో పోరాడడానికి తానూ రహస్య శాఖలు స్థాపిస్తాడు.

మెకార్తీ అనుచరుల ఆగ్రహానికి సమాజంలో తమ స్థాయి చేజారుతోందన్న బెంగే మూలమని 1954లో వాదించిన హాఫ్‌స్టాటర్, కొన్నేళ్ల తరువాత ఆ వ్యాసానికి అనుబంధం రాస్తూ ఆ కారణాన్ని అతిగా నొక్కిచెప్పానని ఒప్పుకున్నారు. సొంత వాదాన్ని అచ్చులో సవరించుకునే ఈ అలవాటు పండితుల్లో అంత సులభంగా కనిపించదు.

చదువు మీద అనుమానం

1963లోనే వచ్చిన 'యాంటీ ఇంటెలెక్చువలిజం ఇన్ అమెరికన్ లైఫ్' మరుసటి ఏడాది రెండో పులిట్జర్ తెచ్చిపెట్టింది. తెలివికీ మేధకూ మధ్య ఆయన చేసిన భేదం ఈ గ్రంథానికి పునాది. పని సాధించిపెట్టే తెలివిని అమెరికా సమాజం ఎన్నడూ గౌరవించకపోలేదు. ఇంజనీరును, ఆవిష్కర్తను, వ్యాపార దక్షుణ్ణి నెత్తిన పెట్టుకుంది. పనితో సంబంధం లేకుండా ప్రశ్నించే, విలువలనే తూచి చూసే మేధను మాత్రం అనుమానించింది. విశేషమేమిటంటే, ఈ అనుమానం సమాజంలోని చెడు నుంచి కాక, మంచి నుంచే పుట్టిందని ఆయన అంటారు. పండితుల మధ్యవర్తిత్వం లేకుండా ప్రతి మనిషీ దేవుణ్ణి చేరగలడన్న పునరుజ్జీవన క్రైస్తవం, ప్రతి పౌరుడూ పాలించగలడన్న సమానత్వం, అందరికీ చదువు అందాలన్న ఆకాంక్ష అన్న మూడూ మెచ్చదగినవే. వాటి వెనుక నీడలా వచ్చినదే పండితుడి పట్ల చిన్నచూపు.

విద్వాంసులే రచించిన రాజ్యాంగంతో మొదలైన దేశంలో పతనం త్వరగానే ఆరంభమైంది. జెఫర్సన్ విజ్ఞానాసక్తిని 1800 ఎన్నికలో ప్రత్యర్థులు ఎగతాళి చేశారు. 1828లో బహుభాషావేత్త, హార్వర్డ్ ఆచార్యుడిగా పనిచేసిన జాన్ క్విన్సీ ఆడమ్స్ యుద్ధవీరుడు ఆండ్రూ జాక్సన్ చేతిలో చిత్తుగా ఓడారు; ఆ పోరును కలానికీ కత్తికీ మధ్య పోటీగా ప్రచారం చేశారు. 1952లో ఆడ్‌లై స్టీవెన్సన్ మాటతీరే ఆయనకు ప్రతికూలమైంది. మేధావులను 'కోడిగుడ్డు తలలు' అని వెక్కిరించడం అప్పుడే వాడుకలోకి వచ్చింది. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన వెంటనే అదే సమాజం పాఠశాలల్లో లెక్కలు, సైన్సు ఎందుకు నేర్పడం లేదని గగ్గోలు పెట్టింది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. చదువును చదువుగా కాక ఆయుధంగా గౌరవించిన ఆ తొందరపాటును హాఫ్‌స్టాటర్ మెచ్చుకోలేదు.

ప్రతిపక్షం అనే ఆవిష్కరణ

ఆయన చివరి కాలపు గ్రంథాల్లో 1969 నాటి 'ది ఐడియా ఆఫ్ ఎ పార్టీ సిస్టమ్' అంతగా ప్రచారం పొందలేదు. ఇతర దేశాల పాఠకులకు మాత్రం అదే ఎక్కువ ఉపయోగకరం కావచ్చు. అమెరికా రాజ్యాంగంలో పార్టీల ప్రస్తావనే లేదు. దాని నిర్మాతలు పార్టీని రోగంగా భావించారు. 1796 నాటి వీడ్కోలు సందేశంలో వాషింగ్టన్ హెచ్చరించినది వాటి గురించే. 1798లో అధికార పక్షం ప్రభుత్వ విమర్శను నేరంగా పరిగణించే చట్టం చేసి పత్రికా సంపాదకులను జైలుకు పంపింది. అయినా 1801లో అధికారం ఒక పక్షం నుంచి మరో పక్షానికి శాంతియుతంగా మారింది. ప్రభుత్వాన్ని వ్యతిరేకించడం దేశాన్ని వ్యతిరేకించడం కాదన్న భావం ఎవరో మహాత్ముడి బోధనగా రాలేదు. పదవుల పంపకంలో ఆరితేరిన న్యూయార్క్ రాజకీయవేత్త మార్టిన్ వాన్ బ్యూరెన్ తరం రోజువారీ వ్యవహారంలో దాన్ని అలవాటుగా మార్చింది.

1968 వసంతం

1965 మార్చిలో అలబామాలో మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో సాగిన ఓటుహక్కు యాత్ర మాంట్‌గమరీ చేరినప్పుడు అందులో చరిత్రకారుల బృందంతో పాటు హాఫ్‌స్టాటర్ కూడా నడిచారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించారు. అయినా 1968 ఏప్రిల్‌లో విద్యార్థులు కొలంబియా భవనాలను ఆక్రమించినప్పుడు ఆయన వారి పక్షాన నిలవలేకపోయారు. హార్లెమ్ పక్కనున్న పార్కులో వ్యాయామశాల నిర్మాణం, రక్షణ పరిశోధనలతో విశ్వవిద్యాలయ సంబంధాలు విద్యార్థుల ఆగ్రహానికి కారణాలు. పోలీసులు ప్రవేశించి సుమారు 700 మందిని నిర్బంధించారు.

జూన్‌లో జరిగిన పట్టప్రదానోత్సవంలో ఆనవాయితీగా ప్రసంగించవలసిన విశ్వవిద్యాలయ అధ్యక్షుడి స్థానంలో హాఫ్‌స్టాటర్ మాట్లాడారు. ఆయన లేవగానే కొన్ని వందల మంది విద్యార్థులు లేచి వెళ్లిపోయారు. స్వేచ్ఛగా ఆలోచించే స్థలంగా విశ్వవిద్యాలయాన్ని కాపాడుకోవాలన్నది ఆయన మాట. అధ్యాపక స్వేచ్ఛ చరిత్రను 1955లో వాల్టర్ మెట్జ్‌గర్‌తో కలిసి గ్రంథస్థం చేసిన వ్యక్తికి ఆ స్థలం బయటి మెకార్తీల వల్లనే కాదు, లోపలి ఆవేశం వల్ల కూడా కూలిపోవచ్చన్న భయం కలిగింది. బయటికి నడిచినవారి దృష్టిలో ఆ స్థలం యుద్ధానికి ఎప్పుడో అమ్ముడుపోయింది. ఎరిక్ ఫోనర్ వంటి ఆయన శిష్యులు చాలామంది ఈ రెండు వైపుల మధ్య నిలబడవలసి వచ్చింది.

అదే ఏడాది వెలువడిన 'ది ప్రోగ్రెసివ్ హిస్టోరియన్స్' చివర ఆయన ఏకాభిప్రాయ సిద్ధాంతపు పరిమితిని అంగీకరించారు. అంతర్యుద్ధాన్ని, జాతి సంఘర్షణను వివరించలేని సిద్ధాంతం అమెరికా చరిత్రకు సరిపోదు. కింగ్, రాబర్ట్ కెనెడీల హత్యల తరువాత మైకేల్ వాలెస్‌తో కలిసి 1970లో 'అమెరికన్ వయొలెన్స్' అనే పత్రసంకలనం ప్రచురించారు. తమ చరిత్ర నిండా హింస ఉన్నా అమెరికన్లకు దాని జ్ఞాపకం లేకపోవడాన్ని పీఠికలో ప్రశ్నించారు. ఆ హింసలో అధికభాగం ప్రభుత్వాల మీద తిరుగుబాటు కాదని, నల్లవారిపై, వలసదారులపై, కార్మికులపై సాటి పౌరులు సాగించినదని చూపారు. అదే ఏడాది అక్టోబరులో అమెరికన్ హెరిటేజ్ పత్రికలో తుపాకుల సంస్కృతిపై ఆయన వ్యాసం వచ్చింది. పారిశ్రామిక దేశాలన్నిటిలో పౌరుల చేతుల్లో ఇన్ని తుపాకులను విడిచిపెట్టిన దేశం ఇదొక్కటే ఎందుకైంది, రెండు హత్యల తరువాత కూడా 1968 తుపాకుల నియంత్రణ చట్టం అంత బలహీనంగా ఎందుకు మిగిలింది అని అందులో అడిగారు.

ఆ వ్యాసం వెలువడిన నెలలోనే, 1970 అక్టోబరు 24న, ఆయన రక్త క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో మరణించారు. అప్పటికి మూడు సంపుటాల అమెరికా చరిత్ర రాయాలన్న సంకల్పంలో ఉన్నారు. ఆరంభించిన భాగం 1971లో 'అమెరికా ఎట్ 1750' పేరుతో అచ్చయింది. వలసరాజ్య సమాజాన్ని చిత్రించే ఆ అసంపూర్ణ గ్రంథంలో జెఫర్సన్లూ లింకన్లూ లేరు. ప్రయాణ ఖర్చు కోసం ఏళ్ల తరబడి వెట్టి ఒప్పందాలకు కట్టుబడిన తెల్లజాతి సేవకులు, ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో తరలించబడిన బానిసలే అందులోని తొలి అధ్యాయాలను ఆక్రమించారు.